ఆరు బోల్టులకు నాలుగే దిగిన కవరు: ఒక డ్రిల్ జిగ్ కేస్ స్టడీ

పంపు బేరింగ్ హౌసింగ్‌ను చివర మూసే కవరు ఇది. మెటీరియల్ ఎఫ్‌జీ 200 గ్రేడ్ బీడు (పోత ఇనుము). కొలతలన్నీ మి.మీ.లో: బయటి డయా 130, ఫ్లాంజి మందం 12, హౌసింగ్‌లోకి దిగే గుండ్రటి మెట్టు, అంటే స్పిగాట్, డయా 90, దాని ఎత్తు 8, మధ్యలో ఆయిల్ సీల్ వైపు 42 బోరు. లోపల కూర్చునేది 6308 బేరింగు, దాని బయటి డయా 90. కాబట్టి హౌసింగ్ బోరు 90 హెచ్7, అంటే 90.000 నుంచి 90.035. కవరు స్పిగాట్‌కు డ్రాయింగు ఇచ్చిన హద్దు 89.929 నుంచి 89.964. 110 పీసీడీ (హోల్స్ సెంటర్ల గుండా పోయే వృత్తం డయా) మీద 60 డిగ్రీలకొకటి చొప్పున ఆరు హోల్స్, ఒక్కొక్కటి డయా 9, ఎం8 బోల్టుల కోసం. ఫ్లాంజి అంచున 12 వెడల్పు, 6 లోతు గాడి ఒకటి కాస్టింగ్‌లోనే వస్తుంది. లోపల చేరిన నీరూ గ్రీజూ కారిపోయే దారి అది. అసెంబ్లీలో ఆ గాడి అడుగుకు రావాలి, రెండు హోల్స్‌కు సరిగ్గా నడుమ ఉండాలి. నెలకు 400 పీసులు.

ఫిర్యాదు అసెంబ్లీ బెంచి నుంచి వచ్చింది. కొన్ని కవర్లకు ఆరు బోల్టులూ చేత్తోనే దిగుతున్నాయి, కొన్నిటికి నాలుగు దిగి రెండు మొరాయిస్తున్నాయి. ఫిట్టర్లు గుండ్రాకు పెట్టి హోల్‌ను ఒక పక్కకు సాగదీసి బిగించేస్తున్నారు. కొందరు కవరును 60 డిగ్రీలు తిప్పి చూస్తున్నారు. అలా తిప్పితే ఒక్కోసారి దిగుతుంది కూడా, కానీ గాడి పక్కకు పోయి నీరు లోపలే నిలుస్తుంది. కవర్లకు అప్పటికే ఒక డ్రిల్ జిగ్ ఉంది, అంటే పీసును పట్టి ఉంచి డ్రిల్‌ను సరైన చోటికి నడిపించే సాధనం. జిగ్ ఉన్నాక కవరు తప్పయ్యే వీలే లేదన్న ధీమాతో నేరం మొదట హౌసింగ్ మీద పడింది.

తప్పు పట్టిన కొలత

ఆగిపోయిన కవర్లను వెర్నియర్‌తో చూస్తే హోల్స్ మధ్య దూరం సరిగానే ఉంది. ఆరు హోల్స్ పీసీడీలో పక్కపక్క హోల్స్ దూరం వ్యాసార్ధానికే సమానం కాబట్టి అది 55 రావాలి. హోల్స్‌లో బిగుతుగా దిగే 9.05 పిన్నులు పెట్టి, బయటి నుంచి బయటికి కొలిస్తే 64.05 రావాలి. 64.02 నుంచి 64.09 లోపే వచ్చింది. ఎదురెదురు హోల్స్ మధ్య దూరమూ బాగానే ఉంది. తనిఖీ అక్కడితో ఆపేస్తే కవరు పాసే.

హౌసింగ్‌లోకి దిగేది మాత్రం స్పిగాట్. హోల్స్ ఒకదానికొకటి ఎంత బాగున్నా, వాటి గుంపు మొత్తం స్పిగాట్ నుంచి పక్కకు జరిగి ఉంటే బోల్టులు దిగవు. అందుకని 100–125 మైక్రోమీటర్‌తో స్పిగాట్ ఒక అంచు నుంచి, దానికి అవతలి వైపున్న పిన్ను బయటి అంచు దాకా కొలిచారు. స్పిగాట్ 89.95, పిన్ను 9.05 అయితే లెక్క ప్రకారం 44.975 + 55 + 4.525 = 104.50. మొరాయించిన ఒక కవరులో ఒక హోల్ దగ్గర 104.85, దాని ఎదుటి హోల్ దగ్గర 104.15 వచ్చింది. తేడా 0.70, అందులో సగం 0.35. హోల్స్ గుంపు స్పిగాట్ సెంటర్ నుంచి 0.35 జరిగిందన్న మాట.

అసలు ఆచూకీ ఆ జరుగుడు దిశలో దొరికింది. ఒక కవరులో గాడి వైపు, ఇంకో దానిలో ఎదుటి వైపు, మరో దానిలో అడ్డంగా. జిగ్‌లో బుష్ (డ్రిల్‌కు దారి చూపే గట్టి గొట్టం) తప్పు చోట ఉంటే ప్రతి కవరులోనూ అదే హోల్, అదే వైపు, అంతే తప్పాలి. దిశ పీసు పీసుకీ మారుతోందంటే తప్పు బుష్‌లది కాదు, పీసు జిగ్‌లో కూర్చునే తీరుది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే జిగ్ తగాదాలు చాలావరకు అరగంటలో తేలిపోతాయి.

పాత జిగ్ కవరును బయటి డయా 130 మీద పట్టుకునేది. గిన్నె లాంటి గూడు, పైన బుష్ ప్లేటు. చేయడం తేలిక, పీసు వేయడం ఇంకా తేలిక. అయితే లేత్ మీద బయటి డయా, వెనక ఫేసు మొదటి సెట్టింగులో అవుతాయి. స్పిగాట్, మౌంటింగ్ ఫేసు, బోరు రెండో సెట్టింగులో అవుతాయి. మూడు దవడల చక్‌లో తిప్పి పట్టుకున్నాక రెండింటి మధ్య డయల్ మీద 0.3, 0.4 తిరగడం ఆశ్చర్యమేమీ కాదు. 0.4 తిరిగితే సెంటర్ 0.2 జరిగినట్టు. బయటి డయాకు డ్రాయింగులో ఉన్నది ప్లస్ మైనస్ 0.1. పెద్ద పీసు కూడా దూరాలని గూడును 130.3 చేశారు. చిన్న పీసు వస్తే అందులో ఏ పక్కకైనా 0.2 జరుగుతుంది. రెండూ ఒకే వైపు కలిస్తే 0.4.

ఎంత తప్పు భరించగలం

ఎం8 బోల్టు, 9 హోల్. ఖాళీ మొత్తం 1.0, అంటే సెంటర్ నుంచి ఏ వైపైనా 0.5. హౌసింగ్‌లో ఉన్నది ట్యాప్ చేసిన (మర తీసిన) హోల్, అక్కడ బోల్టుకు ఖాళీ ఉండదు. కాబట్టి ఈ 0.5 నే కవరూ హౌసింగూ పంచుకోవాలి: చెరి 0.25. కవరు ఒక్కటే 0.35 తినేస్తే, డ్రిల్ వాలు, హౌసింగ్ తన వంతు తప్పు కలిశాక రెండు బోల్టులు ఆగిపోవడంలో వింత లేదు.

కొత్త జిగ్‌ను స్పిగాట్ మీద లొకేట్ చేయాలని నిర్ణయించాక, చేయకముందే లెక్క వేశారు. జిగ్ ప్లేటులో స్పిగాట్ దిగే బోరుకు 89.98 నుంచి 90.00 ఇచ్చారు. అతి చిన్న స్పిగాట్ 89.929 వచ్చినా ఖాళీ 0.071, పక్కకు జరిగేది 0.036. ఇంకా బిగుతుగా పెట్టవచ్చు కదా అనిపిస్తుంది. బీడు రజను ఉన్న చోట కనీసం 0.015 ఖాళీ లేకపోతే ప్లేటు కరుచుకుంటుంది, సుత్తి బయటికి వస్తుంది. సుత్తి వచ్చిన జిగ్ ఆయుష్షు తీరినట్టే.

బుష్ స్థానంలో తప్పు 0.015. బుష్ లోపలి, బయటి డయాల సెంటర్ తేడా 0.005. మిగిలింది బుష్‌లో డ్రిల్ ఆట. 9 డయాకు ఎఫ్7 బుష్ అంటే 9.013 నుంచి 9.028. డ్రిల్ 9.000 నుంచి 8.978. ఎక్కువలో ఎక్కువ ఆట 0.050. డ్రిల్ బుష్‌లో వాలిందనుకుంటే, బుష్ దాటాక ఆ వాలు పెరుగుతూ పోతుంది. బుష్ పొడవు 20, బుష్ కింద ఖాళీ 4, ఫ్లాంజి 12 అయితే, హోల్ అడుగున తప్పు = ఆట × (0.5 + 16/20) = 0.050 × 1.3 = 0.065. హోల్ మొదట్లో అయితే 0.050 × (0.5 + 4/20) = 0.035 మాత్రమే.

అడుగున అన్నీ ఒకే వైపు కలిసినా 0.036 + 0.015 + 0.005 + 0.065 = 0.121. హద్దు 0.25. సగం చేతిలో ఉంది, అది బుష్ అరుగుదలకు. ఈ లెక్కలో అందరూ తగువులాడేది బుష్ స్థానం దగ్గర, 0.015 దగ్గర. నిజానికి పెద్ద వాటాలు డ్రిల్ వాలుది, లొకేషన్ ఖాళీది.

కొత్త జిగ్ కట్టుబడి

కవరును స్పిగాట్ పైకి ఉండేట్టు బేస్ మీద పెడతారు, దాని మీద బుష్ ప్లేటు టోపీలా దిగుతుంది. ఇలా పెట్టడానికి రెండు కారణాలు. డ్రిల్ మౌంటింగ్ ఫేసు వైపు నుంచి దిగితే, హౌసింగ్‌తో కలిసే చోట తప్పు 0.035 దగ్గరే ఆగుతుంది. పెద్ద తప్పు బోల్టు తల వైపు పడుతుంది, అక్కడ అది అంతగా బాధించదు. రెండోది, 9 డ్రిల్ బీడులో దిగేటప్పుడు తోపు వంద కిలోలు దాటుతుంది. అది బేస్ మీదకే పోవాలి, బిగింపు మీద పడకూడదు. ప్లేటు కింద పీసు బిగించి తిరగేసే టర్నోవర్ జిగ్‌లో తోపు మొత్తం బిగింపే మోయాలి.

బేస్ ఎం.ఎస్., డయా 170, మందం 25. పైన కవరు కూర్చునే రింగు, లోపలి డయా 84, బయటి డయా 128. హోల్ వచ్చే ఆరు చోట్ల 16 వెడల్పు గాళ్లు మిల్లింగ్ చేశారు. డ్రిల్ అటు పొడుచుకు వచ్చేది ఆ గాళ్లలోకే, రజను కూడా అటే పడిపోతుంది, కింద అంచున పదునుగా లేచే బర్రుకూ చోటుంటుంది. గాళ్లు లేకుంటే బర్రు రింగుకు పట్టేసి పీసు ఊడిరాదు. బేస్ అడుగున ప్లస్ గుర్తులా గాడి తీసి నాలుగు కాళ్లు మిగిల్చారు. మూడు కాళ్లయితే ఎప్పుడూ కుదురుగానే నిలబడుతుంది, కాలి కింద చిప్ పడినా జిగ్ వాలి నిలబడుతుంది, ఎవరికీ తెలియదు. నాలుగు కాళ్లయితే ఊగి చెబుతుంది.

ప్లేటు సీ45, డయా 130. కవరుకు ఆనేది 90 నుంచి 97 డయా వరకు ఉన్న చిన్న గట్టు మాత్రమే, దాని ఎత్తు 4. గట్టు బయట ప్లేటు పైకి తగ్గి ఉంటుంది కాబట్టి బుష్ అడుగుకూ కవరుకూ మధ్య 4 ఖాళీ వస్తుంది, చుట్టూ తెరిచే ఉంటుంది. బీడు చిప్ పొడిపొడిగా వస్తుంది కనుక డ్రిల్ డయాలో మూడో వంతు నుంచి సగం ఖాళీ చాలు. ఇదే ప్లేటు కింద స్టీలు కవరు పెడతామంటే కుదరదు. పొడుగు చిప్ చుట్టుకుంటుంది, దానికి ఒక డయా అంత, అంటే 9 ఖాళీ కావాలి. అప్పుడు వాలు లెక్క 1.3 నుంచి 1.55 కి పెరుగుతుంది. ఖాళీ అసలు లేకుండా బుష్‌ను పీసుకు ఆనిస్తే రజను మొత్తం బుష్ గుండానే పైకి రావాలి, సానపెట్టినట్టు బుష్‌ను తినేస్తుంది.

గట్టు లోపల స్పిగాట్ బోరు లోతు 9. అందులో 90 కొలతకు పట్టేది మొదటి 5 మాత్రమే, మిగతాది పెంచి వదిలేశారు. పొడవుగా పట్టే బోరు వంకరగా దిగితే ఇరుక్కుంటుంది. నోటి దగ్గర 2 చాంఫర్ (అంచున వాలు కోత). బోరు అంచు మూలలో చిన్న రిలీఫ్ గాడి. దీని సంగతి తర్వాత వస్తుంది.

గాడి దిశ కోసం బేస్ అంచున 10 డయా పిన్ను ఒక్కటే, సెంటర్ నుంచి 66 దూరంలో. కవరు గాడీ, ప్లేటులో తీసిన 10.2 కోతా రెండూ ఆ పిన్నునే పట్టుకుంటాయి. పిన్ను కవరు గాడి పక్క గోడలకే తగలాలి, అడుగుకు తగలకూడదు. 2 ఖాళీ వదిలారు. తగిలితే స్పిగాట్ ఒకవైపు లాగుతుంటే పిన్ను ఇంకోవైపు తోస్తుంది, ప్లేటు కూర్చోదు. పోత గాడి 12 వెడల్పు కదా, పిన్ను 10 అయితే డిగ్రీ అటూ ఇటూ పోదా? పోతుంది. పోయినా ఫర్వాలేదు. ఆరు హోల్స్ ఒకదానికొకటి, స్పిగాట్‌కూ ఉన్న సంబంధం ప్లేటుదే. గాడి కాస్త పక్కకు వస్తే నీరు కారడం ఆగదు.

బిగింపు మధ్యలో ఎం16 స్టడ్డు, నట్టు, 10 మందం సీ-వాషరు (ఒక పక్క తెరిచి ఉన్నది). ప్లేటు మధ్య హోల్ 30, నట్టు దాని గుండా పోతుంది. ఒక చుట్టు వదులు చేసి వాషరు లాగేస్తే ప్లేటు నట్టు మీదుగా పైకి వచ్చేస్తుంది. కవరును తిరగేసి వేస్తే స్పిగాట్ 84 రింగులో దిగదు, ప్లేటు 8 ఎత్తుకు లేచి సీ-వాషరుకు చోటు ఉండదు. తప్పుగా వేసిన పీసు బిగిసే వీలే లేదు.

ప్లేటు, బుష్‌లు

స్పిగాట్ బోరూ ఆరు బుష్ హోల్స్ ప్లేటును బల్ల మీద నుంచి విప్పకుండా ఒకే సెట్టింగులో అవ్వాలి. డీఆర్‌ఓ (బల్ల స్థానాన్ని అంకెల్లో చూపే పరికరం) ఉన్న మిల్లింగ్ మెషీన్ చాలు. సెంటర్ నుంచి కోఆర్డినేట్లు: (55, 0), (27.5, 47.631), మిగతావి ఇవే గుర్తులు మార్చి. ప్రతి స్థానానికీ ఒకే వైపు నుంచి చేరుకోవాలి. 14 డ్రిల్, బోరింగ్ హెడ్‌తో 14.9, ఆ తర్వాత 15 హెచ్7 రీమర్ (హోల్‌ను కచ్చితమైన సైజుకు తెచ్చే టూలు). బోరింగ్ మానేసి డ్రిల్ మీద నేరుగా రీమర్ వేస్తే రీమర్ డ్రిల్ పోయిన వంకరలోనే పోతుంది, సైజు వస్తుంది గానీ స్థానం రాదు.

డీఆర్‌ఓ లేని షాపుకు ఒక ఉపాయం ఉంది. హౌసింగ్ హోల్స్‌కు ఇంకో జిగ్ ప్లేటు ఎలాగూ కావాలి, దానికి బోరులో దిగే ప్లగ్గు ఉంటుంది. ఆ ప్లగ్గును 89.96 చేసి కవరు ప్లేటు బోరులో దింపి, పీసుకు ఆనే ఫేసులు ఎదురెదురుగా ఉంచి, రెండు ప్లేట్లూ కలిపి ఒకేసారి బోరు చేయాలి. ఇండెక్సింగ్‌లో ఏ తప్పు వచ్చినా రెండింటిలోనూ అద్దంలో బొమ్మలా ఒకేలా వస్తుంది, కవరూ హౌసింగూ కలిసినప్పుడు సరిపోతుంది. రెండు ప్లేట్ల మీదా ఒకే చోట సున్నా గుర్తు కొట్టుకోవాలి.

బుష్‌లు ఓహెచ్‌ఎన్‌ఎస్ (నూనెలో గట్టిపరిచే టూల్ స్టీలు), గట్టిదనం 60–62 హెచ్‌ఆర్‌సీ, లోపల 9, బయట 15, పొడవు 20, తల ఉన్నవి. తలలేని బుష్ చౌకే, కానీ డ్రిల్ ఇరుక్కున్నప్పుడు తోపుకు కిందికి జారిపోతుంది. హోల్‌కు డ్రిల్ ఒక్కటే పని, వెనక రీమరో ట్యాపో లేదు. కాబట్టి తీసి పెట్టే స్లిప్ బుష్ ఇక్కడ దండగ. ప్రెస్ చేశాక బుష్ లోపలి డయా కొద్దిగా ముడుచుకుంటుంది. 9.01 పిన్ను దిగకపోతే లాపింగ్ చేయాలి (రాపిడి పేస్టుతో సన్నగా అరగదీయాలి), లేదంటే వేడెక్కిన డ్రిల్ పట్టేస్తుంది.

నడిపేటప్పుడు

హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్, కటింగ్ స్పీడు నిమిషానికి 25 మీటర్లు అంటే 880 ఆర్‌పీఎం. మెషీన్‌లో దానికి కింద ఉన్న స్టెప్ పెట్టాలి. ఫీడు చుట్టుకు 0.2. 880 దగ్గర హోల్‌కు కోత ఆరున్నర సెకన్లు, ఆరింటికీ 40. పీసు వేయడం, తుడవడం, బిగించడం కలిపితే మూడు నిమిషాలకు కాస్త తక్కువ. నూనె వేయకూడదు. రజనుతో కలిస్తే లాపింగ్ పేస్టు అవుతుంది. ఎయిర్ గన్ కన్నా బ్రష్ మేలు. గాలి కొడితే ఆ రజను కంట్లోకీ మెషీన్ స్లైడ్‌లలోకీ పోతుంది.

మొదటి లాట్‌లో రెండు తగాదాలు వచ్చాయి. కొన్ని పీసుల్లో హోల్ ఫేసుకు నిటారుగా లేదు. బోరు మూలలో రజను పేరుకుని స్పిగాట్ అంచును ఎత్తి పట్టడంతో, ప్లేటు గట్టు కవరుకు పూర్తిగా ఆనలేదు. మూలలో రిలీఫ్ గాడి అప్పుడు తీసిందే. నిజానికి డ్రాయింగులోనే ఉండాల్సింది.

రెండోది, రెండు బుష్‌లు మిగతా వాటికన్నా ముందు అరిగి కోడిగుడ్డులా అయ్యాయి. జిగ్‌ను మెషీన్ టేబుల్‌కు క్లాంపులతో బిగించి, టేబుల్ జరుపుతూ హోల్స్ వేశారు. స్పిండిల్ బుష్‌కు సరిగ్గా ఎదురు రాకపోతే డ్రిల్ వంగి బుష్ గోడను రాస్తుంది. జిగ్ టేబుల్ మీద స్వేచ్ఛగా జరగాలి, డ్రిల్ మొన బుష్‌లోకి వెళ్లాక జిగ్ తానే సర్దుకుంటుంది. తిరిగిపోకుండా పక్కన ఒక స్టాప్ చాలు. చేత్తో పట్టుకుని వేయడం మాత్రం 9 డ్రిల్‌కు ప్రమాదం, అవతలికి పొడుచుకు వెళ్లే క్షణాన డ్రిల్ గుంజుతుంది. ఇదే అరుగుదలకు ఇంకో కారణం డ్రిల్ పెదవులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా సానపట్టడం. అలాంటి డ్రిల్ ఒకవైపు తోస్తూ బుష్‌ను తింటుంది, హోల్ కూడా సైజు దాటుతుంది. సాన పట్టాక గేజీతో రెండు పెదవులూ చూసే బుష్‌లోకి పంపాలి.

జిగ్ గిట్టుబాటు అవుతుందా అన్నది షాపు షాపుకూ మారే లెక్క. ఉదాహరణకు మార్కింగ్, పంచ్, డ్రిల్ కలిపి పీసుకు 12 నిమిషాలు, జిగ్‌తో 3 అనుకుంటే మిగిలేది 9 నిమిషాలు. గంటకు 300 రూపాయల రేటు వేసుకుంటే 45 రూపాయలు. జిగ్‌కు 22,500 అయితే 500 పీసులకు తేలుతుంది. వీఎంసీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మిల్లింగ్ మెషీన్) ఖాళీగా ఉంటే జిగ్ అక్కర్లేదని వాదించవచ్చు, ఆ వాదన సబబే. అయితే వీఎంసీలో కూడా కవరును బయటి డయా మీద పట్టుకుంటే, ప్రోగ్రాం ఎంత ఖచ్చితంగా ఉన్నా వచ్చేది పాత జిగ్ ఇచ్చిన తప్పే. సాఫ్ట్ దవడలు (పీసు సైజుకు కోసుకునే మెత్తటి దవడలు) కూడా స్పిగాట్ మీదే పట్టాలి.

బుష్‌ను ఎప్పుడు పారేయాలి? అరిగి 9.13 అయితే చిన్న డ్రిల్‌తో ఆట 0.152, వాలు 0.198, మొత్తం 0.254. హద్దు దాటింది. 9.08 దగ్గర ఆపేస్తే మొత్తం 0.189, ఇంకా చోటుంది. అందుకే 9.08 కి గ్రైండ్ చేసిన పిన్ను ఒకటి గొలుసుతో జిగ్‌కే కట్టి ఉంచారు. ప్రతి లాట్ మొదట్లో ఆరు బుష్‌లలోనూ రెండు చివరల నుంచీ పెట్టి చూడాలి. ఏ వైపు నుంచి దిగినా ఆ బుష్ బయటికే. కింద నుంచి ఎక్కువ అరుగుతుంది కాబట్టి పైనుంచి మాత్రమే చూస్తే మోసపోతారు. మొదటి సెట్టుతో పాటే ఇంకో ఆరు బుష్‌లు చేసి, నూనె రాసి, జిగ్ పెట్టెలోనే పెట్టారు. ప్లేటు బోరుకు కూడా ఇలాంటి పిన్నే ఉంది, 90.03 సైజు ప్లగ్గు. అది దిగిన రోజున బోరు పెంచి హార్డెన్ చేసిన రింగు దించాలి.